అరువు కంప్యూటర్, మన గుట్టు

(అమలాపురం చుట్టుపక్కల చదువుకుంటున్న ఆదివాసీ విద్యార్థులు కలుసుకున్నప్పుడు మాట్లాడిన మాటలివి. మాట తీరు పెద్దగా మార్చకుండా రాసి పెడుతున్నాను.)



రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు వైపు నుంచి దిగి వచ్చి అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో హాస్టళ్ళలో, అద్దె గదుల్లో ఉంటున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇక్కడున్నారు. ఈ లంకల్లోనే పుట్టి పెరిగిన యానాది, ఎరుకల ఇళ్ళ పిల్లలూ ఉన్నారు. మనం కూర్చుంటే ఎప్పుడూ పోడు పట్టాలు, 1/70 చట్టం, పోలవరం ప్యాకేజీ, స్కాలర్‌షిప్పులు ఇవే మాట్లాడతాం. ఇవాళ నేనొక పెన్‌డ్రైవ్ గురించి మాట్లాడతాను. వెనక కూర్చున్న తమ్ముళ్ళు నవ్వుతున్నారు, నవ్వండి. కానీ ఆ పోడు పట్టా అర్జీ ఎక్కడ టైపు అవుతోందో ఒకసారి ఆలోచించారంటే నేనెందుకు ఈ సంగతి ఎత్తానో తెలుస్తుంది.

సొంత కంప్యూటర్ ఎంతమందికి ఉంది? చేతులెత్తండి. నాలుగు. ఇంతమందిలో నాలుగు చేతులు. మిగతా మనమంతా ఏం చేస్తున్నాం? జిరాక్స్ షాపు, నెట్ సెంటర్, కాలేజీ ల్యాబ్, రూమ్మేట్ ల్యాప్‌టాప్, ఊళ్ళో అయితే సచివాలయం. అంటే మన బతుకు మీద మనం రాసుకునే ప్రతి కాగితం వేరే వాళ్ళ యంత్రంలోంచి బయటికి వస్తోంది.

ప్రింటు తీయించుకునే తీరే చూడండి. "అన్నా, నీ నంబరు చెప్పు" అంటాం, షాపాయన వాట్సాప్‌కి పీడీఎఫ్ పంపిస్తాం. ఆధార్, కుల ధ్రువపత్రం, అమ్మ బ్యాంకు పాసు పుస్తకం, చెల్లి ఫోటో అన్నీ ఆయన ఫోన్లోకీ, వాట్సాప్ వెబ్ ద్వారా ఆయన కంప్యూటర్లోకీ వెళ్తాయి. రెండు రూపాయలిచ్చి వచ్చేస్తాం. కాగితం మన చేతికొస్తుంది, నకలు అక్కడే ఉండిపోతుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే మండలం మొత్తం అందులో ఉంటుంది. షాపాయన చెడ్డవాడని నేననను. ఆయనకి తీసేయాలన్న ధ్యాస ఉండదు, అంతే. ఒకవేళ తీసేసినా, డిలీట్ కొట్టిన ఫైలు వెంటనే చచ్చిపోదు. కంప్యూటర్ దాని పేరును జాబితాలోంచి కొట్టేస్తుంది గానీ అసలు సరుకు డిస్కు మీద ఇంకేదో వచ్చి కూర్చునేదాకా అలాగే ఉండొచ్చు. అలాంటివి వెలికితీసే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2011లో కేంద్ర ప్రభుత్వం సైబర్ కేఫ్‌లకు నిబంధనలు పెట్టింది. వచ్చినవాళ్ళ గుర్తింపు కార్డు చూడాలి, ఎవరు ఎప్పుడు కూర్చున్నారో రిజిస్టర్ రాయాలి, ఏ సైట్లు చూశారో ఆ చరిత్రంతా కనీసం ఏడాది దాచాలి. ఎంతమంది పాటిస్తున్నారన్నది పక్కన పెట్టండి. నెట్ సెంటర్లో కూర్చుంటే గుర్తుపెట్టుకోవడమే అక్కడి రూలు.

ఇందులో మనకు ప్రమాదం ఎక్కడుందో ఒక ఉదాహరణ చెప్తాను. ఏజెన్సీలో ఒక గిరిజనేతరుడు బినామీ పేరుతో భూమి పట్టుకుని సాగు చేస్తున్నాడనుకోండి. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలకు 1970లో చేసిన సవరణ ప్రకారం అది చెల్లదు. మనోడొకడు ధైర్యం చేసి ఐటీడీఏ పీవోకి అర్జీ పెడదామనుకున్నాడు. సంతరోజు కిందికి దిగి టైపింగ్ షాపుకెళ్ళాడు. సర్వే నంబర్లు, సాక్షుల పేర్లు, ఎవరెవరు సంతకం పెడతారో అన్నీ చెప్పి రాయించాడు. ఆ షాపు ఎవరిది? చాలాచోట్ల ఆ భూమి పట్టుకున్నాయన బంధువుదో, ఆయనకు అద్దె కట్టేవాడిదో అయ్యుంటుంది. అర్జీ పీవో టేబుల్ మీదికి చేరకముందే సాక్షి ఇంటికి మనిషి వస్తాడు. "ఏరా, నా మీద రాయించావంట" అని. ఇందులో హ్యాకర్ లేడు, గూఢచారి లేడు. ఒక ఫోల్డరు, ఒక బంధుత్వం. మన అర్జీలు ఇలా కూడా ఓడిపోతాయి.

ఉన్నోడికి సొంత గది ఉంటుంది, తలుపు ఉంటుంది, పాస్‌వర్డ్ పెట్టుకున్న ల్యాప్‌టాప్ ఉంటుంది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. మంచి తీర్పు. అరువు కంప్యూటర్ మీద బతికే మనకు ఆ హక్కు ఎలా అందుతుంది? అందుకే ఈ పెన్‌డ్రైవ్.

దీని పేరు టెయిల్స్. ది ఆమ్నెసిక్ ఇన్‌కాగ్నిటో లైవ్ సిస్టమ్ అనే పొడుగు పేరుకి పొట్టి పేరు. ఆమ్నెసిక్ అంటే మతిమరుపు ఉన్నది. 2009లో ఆమ్నీసియా అనే పేరుతోనే మొదలైంది. డెబియన్ లైనక్స్ మీద కట్టారు. డబ్బు కట్టక్కర్లేదు, దాని కోడ్ ఎవరైనా చదవొచ్చు. 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ అమెరికా నిఘా సంస్థ కాగితాలు బయటపెట్టినప్పుడు ఆయన, ఆయనతో పనిచేసిన విలేఖరులు వాడినవాటిలో ఇదొకటి. 2024 సెప్టెంబరులో టోర్ ప్రాజెక్టూ టెయిల్సూ ఒకే సంస్థగా కలిసిపోయాయి.

పనిచేసే తీరు చాలా తేలిక. మామూలుగా కంప్యూటర్ ఆన్ చేస్తే లోపలున్న హార్డ్ డిస్కులోంచి విండోస్ లేస్తుంది. పెన్‌డ్రైవ్ పెట్టి, దాన్నుంచి లేవమని చెప్తే విండోస్ నిద్రలోనే ఉంటుంది, టెయిల్స్ లేస్తుంది. మనం చేసే పనంతా ర్యామ్‌లో, అంటే కరెంటు ఉన్నంతసేపే నిలిచే జ్ఞాపకంలో జరుగుతుంది. మనం కావాలని తెరిస్తే తప్ప లోపలి హార్డ్ డిస్కును ముట్టుకోదు. షట్‌డౌన్ చేసేటప్పుడు ఆ ర్యామ్‌ను కూడా తుడిచేస్తుంది. తొందరుంటే పెన్‌డ్రైవ్ లాగేసినా చాలు, ఆగిపోతుంది. మళ్ళీ ఆన్ చేస్తే ఎవరి విండోస్ వాళ్ళకి యథాతథంగా వస్తుంది. పక్కింటి పొయ్యి మీద మన గిన్నె పెట్టి వండుకుని, గిన్నె తీసుకుని, బూడిద కూడా ఎత్తేసి వచ్చేయడం లాంటిది.

ఇంటర్నెట్‌కి వెళ్ళేటప్పుడు అన్నీ టోర్ ద్వారానే పంపిస్తుంది. మన సమాచారం ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న మూడు కంప్యూటర్ల మీదుగా చుట్టు తిరిగి వెళ్తుంది. అవతలి సైటుకు మనం రాజోలు నుంచి వచ్చామని తెలియదు. ఇవతల నెట్ ఇచ్చే కంపెనీకి మనం ఏ సైటు చూశామో తెలియదు. కానీ టోర్ వాడుతున్నామని మాత్రం వాళ్ళకి తెలుస్తుంది, ఇది గుర్తుంచుకోండి. దాన్ని దాచడానికి బ్రిడ్జిలని ఇంకో ఏర్పాటుంది, అది ఇంకోరోజు.

మతిమరుపు ఎందుకు మంచిదో ఇప్పుడు చెప్తాను. ఫాదర్ స్టాన్ స్వామి పేరు మీరంతా విన్నారు. తమిళనాడులో పుట్టి జార్ఖండ్ ఆదివాసీల మధ్య దశాబ్దాలు బతికిన మనిషి. జైళ్ళలో మగ్గుతున్న ఆదివాసీ కుర్రాళ్ళ కోసం కోర్టుకెక్కిన మనిషి. 2019 జూన్ 12న పుణే పోలీసులు రాంచీలో ఆయన గదికొచ్చి కంప్యూటర్ పట్టుకెళ్ళారు. 2020 అక్టోబరు 8న ఎన్‌ఐఏ అరెస్టు చేసింది. అప్పటికి ఆయనకు 83 ఏళ్ళు, పార్కిన్సన్స్ జబ్బు. నీళ్ళు తాగడానికి ఒక సిప్పర్ కోసం కోర్టులో అడుక్కోవాల్సి వచ్చింది. 2021 జూలై 5న కస్టడీలో ఉండగానే ముంబై ఆసుపత్రిలో చనిపోయారు. బెయిలు రాలేదు.

ఆయన పోయిన ఏడాదిన్నరకు, 2022 డిసెంబరులో, అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే ఫోరెన్సిక్ సంస్థ నివేదిక బయటికొచ్చింది. ఆయన కంప్యూటర్‌లోకి 2014 నుంచే ఎవరో దొంగతనంగా చొరబడి ఉన్నారని, ఆయన ఎప్పుడూ తెరవని పత్రాలను లోపల పెట్టారని, పోలీసులు పట్టుకెళ్ళడానికి సరిగ్గా ముందురోజు, జూన్ 11న, ఆ చొరబాటు గుర్తులు తుడిచే ప్రయత్నం జరిగిందని అందులో ఉంది. అదే కేసులో రోనా విల్సన్ ల్యాప్‌టాప్ గురించి 2021లోనే అలాంటి నివేదిక వచ్చింది. ఆ కేసులోనే మన వరవరరావుగారు కూడా జైలుకెళ్ళారు. ఎన్‌ఐఏ ఈ నివేదికలను ఒప్పుకోలేదు. ఆ వాదనలు తేలాల్సింది కోర్టుల్లో. నేను ఇక్కడ తీర్పు చెప్పడం లేదు. ఒక్క విషయం మాత్రం మనకు పనికొస్తుంది. గుర్తుపెట్టుకునే యంత్రంలో మనం పెట్టినవే కాదు, వేరేవాళ్ళు పెట్టినవీ గుర్తుండిపోతాయి. టెయిల్స్‌లో ఏదైనా చెడ్డ ప్రోగ్రామ్ చొరబడినా, మామూలుగా అది ఆ పూటకే. మళ్ళీ లేచేటప్పుడు కొత్తగా, శుభ్రంగా లేస్తుంది. అది ఉంటే స్టాన్ స్వామి బయటపడేవారా? అలాంటి మాటలు నేను చెప్పను. కేసు పెట్టాలనుకున్నవాళ్ళకు ఒక దారి మూస్తే ఇంకోటి వెతుక్కుంటారు.

ఇప్పుడు ఇదే ఊరి సంగతి. 2022 మే 24 గుర్తుందా? అప్పుడు మీలో చాలామంది స్కూల్లో ఉండుంటారు. కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టొద్దని ఈ అమలాపురంలో ఊరేగింపు తీసి, మంత్రి విశ్వరూప్ గారి ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ గారి ఇల్లు తగలబెట్టారు. ఆ సాయంత్రం నుంచి ఇంటర్నెట్ ఆపేశారు, రోజుల తరబడి రాలేదు. ఇంటి నుంచి పనిచేసుకునే సాఫ్ట్‌వేర్ వాళ్ళు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం జిల్లా పొలిమేరలు వెతుక్కున్నారు. వాట్సాప్ గ్రూపులు, సీసీ కెమెరాలు చూసి నిందితులను గుర్తిస్తున్నామని పోలీసులు చెప్పారు.

ఇందులో రెండు సంగతులున్నాయి. నెట్ ఆపేస్తే టెయిల్స్ ఏం చేస్తుంది? నెట్ తెప్పించలేదు. కానీ అందులో లిబ్రె ఆఫీస్ ఉంది, నెట్ లేకుండానే అర్జీ రాసుకోవచ్చు. అంతవరకే. రెండోది కాస్త ఇబ్బందైన ప్రశ్న. కొత్తపేట నుంచి వచ్చిన చెల్లి ఇందాక బయట అడిగింది, "అన్నా, ఇల్లు తగలబెట్టినోడు కూడా ఇదే వాడుకుంటే?" అని. వాడుకోవచ్చు. అమెరికాలో ఆడపిల్లలను ఏళ్ళ తరబడి బెదిరించిన ఒక దుర్మార్గుడు టెయిల్స్ వెనకే దాక్కున్నాడు. టెయిల్స్‌లోని వీడియో ప్లేయర్ లోపాన్ని పట్టుకుని వాడిని పట్టించడానికి ఫేస్‌బుక్ డబ్బు పెట్టిందని 2020లో మదర్‌బోర్డ్ పత్రిక రాసింది. దీన్నుంచి నాకు రెండు తెలిశాయి. సాధనానికి కులమతాలు లేనట్టే మంచీ చెడూ లేదు. ఇంకోటి, ఇది పగలని గోడ కాదు. గట్టిగా పట్టుబట్టినవాడు పగలగొట్టగలడు. మనం భయపడేది ఫేస్‌బుక్కు, ఎఫ్‌బీఐకి కాదు కదా. జిరాక్స్ షాపు డెస్క్‌టాప్ మీద ఉండిపోయే సాక్షుల జాబితాకు భయపడుతున్నాం. దానికి ఇది చాలు.

ఇక ఎక్కడ పనికిరాదో చెప్తాను, ఎందుకంటే సగం తెలిసి వాడితే అసలు వాడనిదానికన్నా ప్రమాదం.

ఫోన్లో నడవదు. మన బతుకంతా ఫోన్లోనే కాబట్టి ఇది పెద్ద లోటే. యాపిల్ వాళ్ళ కొత్త ల్యాప్‌టాప్‌లలోనూ నడవదు. విండోస్ నడిచే మామూలు 64 బిట్ కంప్యూటర్, 4 జీబీ ర్యామ్ ఉంటే ఇబ్బంది లేదు. టెయిల్స్ తెరిచి మీ పేరుతోనే ఉన్న జీమెయిల్‌లోకి లాగిన్ అయ్యారంటే, మీరెవరో మీరే చెప్పేసినట్టు. టోర్ ఎంత చుట్టు తిప్పినా లాభం లేదు. ఫోన్‌తో తీసిన ఫోటోలో ఎక్కడ, ఎప్పుడు తీశారో లోపల రాసి ఉండొచ్చు. అందులోనే మెటాడేటా క్లీనర్ అని ఒకటుంది, పంపేముందు ఫోటోను దాంట్లో వేయండి. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు, బ్యాంకు పనికి దీన్ని వాడకండి. చాలా ప్రభుత్వ సైట్లు విదేశీ చిరునామా చూస్తే తలుపు తీయవు, బ్యాంకు అనుమానపడి ఖాతా ఆపేయొచ్చు. వాటికి మామూలు దారే మేలు.

తెలుగు టైపింగ్ గురించి. మన డీటీపీ షాపులన్నీ అను ఫాంట్లతో నడుస్తాయి. అను విండోస్ సరుకు, టెయిల్స్‌లో ఉండదు. అను ఫైలు ఇక్కడ తెరిస్తే ఎలుకలు కొరికిన అక్షరాలు కనపడతాయి. యూనికోడ్‌లో రాయాలి. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి వస్తుంది. ఒక వారం వేళ్ళు నొప్పెడతాయి, తర్వాత అలవాటైపోతుంది. ఎలాగూ నేర్చుకోవాల్సిందే, మన అర్జీలు మనమే టైపు చేసుకోకపోతే మిగతా మాటలన్నీ దండగ.

మతిమరుపుకి ఖరీదు కూడా ఉంది. గాలివాన వచ్చి కరెంటు పోయిందనుకోండి, ఈ కోనసీమలో చెప్పేదేముంది, డెస్క్‌టాప్ మీద రెండు గంటలు కూర్చుని రాసిందంతా పోతుంది. రికవరీ లేదు, బతిమాలితే రాదు. అందుకని అదే పెన్‌డ్రైవ్‌లో పర్సిస్టెంట్ స్టోరేజ్ అని ఒక తాళం పెట్టె పెట్టుకునే వీలుంది. అందులో వేసింది గుప్తలిపిలో ఉంటుంది, పాస్‌వర్డ్ చెప్తేనే తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ మరిచిపోతే మనకీ రాదు. పెట్టె పెట్టుకోవాలా వద్దా అన్నది ఆలోచించి తేల్చుకోండి. ఐటీ చట్టం సెక్షన్ 69 కింద అధికారం ఉన్న సంస్థ తాళం తీయమని ఆదేశించగలదు, సహకరించకపోతే ఏడేళ్ళ దాకా శిక్ష రాసి ఉంది. నా మటుకు నేను చెప్పేదేంటంటే, అర్జీ పూర్తయ్యేదాకానే పెట్టెలో ఉంచండి. ప్రింటు తీసి, సంతకాలు పెట్టించి, రసీదు తీసుకున్నాక ఒక కాగితం నకలు గ్రామసభ పెద్దల దగ్గర ఉంటే చాలు. సాక్షుల ఫోన్ నంబర్లు ఏళ్ళ తరబడి మోసుకు తిరగక్కర్లేదు. ఒక జాగ్రత్త, కేసు నడుస్తున్న విషయంలో ఆధారాలు చెరపడం వేరే సంగతి, అది నేరం. ఆ రెంటినీ కలపకండి. అనుమానం వస్తే వకీలును అడగండి.

ఇది వాడటం నేరమా అని భయపడేవాళ్ళకి చెప్తున్నా. టెయిల్స్ వాడటం నేరమనే చట్టం మన దేశంలో లేదు. చేసే పని నేరమైతే అది దేంతో చేసినా నేరమే. అలాగని నెట్ సెంటర్లో చెప్పాపెట్టకుండా రీస్టార్ట్ కొట్టి పెన్‌డ్రైవ్ పెట్టకండి. ఇందాక చెప్పిన 2011 నిబంధనల భారం షాపాయన మీదుంది, మనవల్ల ఆయన ఇరుక్కోకూడదు. కాలేజీ ల్యాబ్‌లో అయితే సార్‌ని అడగండి. అన్నిటికన్నా మంచిది ఎవరైనా పక్కన పడేసిన పాత ల్యాప్‌టాప్. హార్డ్ డిస్కు పాడైపోయినదైనా ఫర్వాలేదు, టెయిల్స్‌కి హార్డ్ డిస్కుతో పనే లేదు కదా. అలాంటిది ఒక్కటి హాస్టల్‌కి ఉంటే, ఎవరి పెన్‌డ్రైవ్ వాళ్ళది పెట్టుకుని వంతులవారీగా వాడుకోవచ్చు. ఒకరి గుట్టు ఇంకొకరికి కనపడదు.

అయితే ఆ ల్యాప్‌టాప్ ఎవరిదో తెలిసి ఉండాలి. కీబోర్డుకు ఎవరైనా దొంగ పరికరం తగిలించి ఉంటే టెయిల్స్ కూడా కనిపెట్టలేదు. వెనక నుంచి చూసేవాడిని, పైనున్న సీసీ కెమెరాను అది ఆపలేదు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఏటీఎంలో ఎలా చెయ్యి అడ్డం పెడతామో అలాగే.

మొదటిసారి తయారు చేసుకోవాలంటే కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి. అందులో ఉన్నదంతా పోతుంది, పెళ్ళి ఫోటోలున్నది తేకండి. టెయిల్స్ డాట్ నెట్ నుంచే దింపుకోవాలి, వేరే ఎక్కడినుంచీ వద్దు, యూట్యూబ్ వీడియో కింద ఉన్న లింకు అసలే వద్దు. దింపినది అసలుదో కాదో సరిచూసే బటన్ ఆ పేజీలోనే ఉంటుంది, దాన్ని దాటేయకండి. విండోస్‌లో అయితే రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించాలి. తర్వాత పెన్‌డ్రైవ్ పెట్టి, విండోస్‌లోనే షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొడితే దేన్నుంచి లేవాలో అడుగుతుంది. అది కుదరకపోతే ఆన్ చేసిన వెంటనే డెల్, లెనోవోలకు ఎఫ్ 12, హెచ్‌పీకి ఎఫ్ 9, ఆసుస్‌కి ఎస్కేప్ నొక్కి చూడండి. లేచాక వెల్‌కమ్ తెర వస్తుంది, అక్కడి నుంచి భయం లేదు. కొత్త వెర్షన్ వచ్చిందని అది చెప్తే అప్‌డేట్ చేసుకోవాలి. బద్ధకించకండి, పాతదానిలో కన్నాలుంటాయి.

కొండ మీద ఊళ్ళలో అంత డేటా దింపడం కుదిరే పని కాదని నాకు తెలుసు. చెట్టెక్కితే గానీ సిగ్నల్ రాని చోట జీబీలకు జీబీలు ఎక్కడ దిగుతాయి? అందుకే దీనిలో నాకు బాగా నచ్చింది టెయిల్స్ క్లోనర్. ఒక పెన్‌డ్రైవ్ నుంచి ఇంకో పెన్‌డ్రైవ్‌కి నెట్ లేకుండానే, కొద్దిసేపట్లో నకలు ఎక్కుతుంది. మన తాళం పెట్టెలోది మనం చెప్తే తప్ప వెళ్ళదు. విత్తనాలు పంచుకున్నట్టు ఊరి నుంచి ఊరికి పోవచ్చు. కాకపోతే విత్తనం ఎవరి దగ్గర తీసుకున్నామో చూసుకోవాలి. ముక్కూమొహం తెలియనివాడు "ఇదిగో టెయిల్స్" అని ఇస్తే తీసుకోకండి.

నా మాట అయిపోయింది. సరిచూసి తయారుచేసిన పెన్‌డ్రైవ్‌లు రెండు తెచ్చాను, పాత ల్యాప్‌టాప్‌లు రెండున్నాయి. ఖాళీ పెన్‌డ్రైవ్ తెచ్చుకున్నవాళ్ళు ముందుకు రండి, రాజోలు బస్సు అందుకోవాల్సినవాళ్ళకి ముందు ఎక్కిద్దాం. చెల్లెళ్ళు ఈ కిటికీ పక్క ల్యాప్‌టాప్ దగ్గరికి రండి. కరెంటు ఉండగానే కానిద్దాం.

జోహార్.